అసలు తినే వయసు

రిటైరైనవాళ్లు బ్యాంకు కౌంటరు దగ్గర వడ్డీ రేటు ఎంతని అడగరు. చేతిలో ప్రావిడెంట్ ఫండు చెక్కు, మొహంలో కాస్త బెదురు, "నెలకెంతొస్తుంది బాబూ?" అంటారు. మూడు లక్షలైనా ముప్ఫై లక్షలైనా అదే ప్రశ్న. డిపాజిట్ల సెక్షన్లో కూర్చున్నన్నాళ్లూ అది విని విని, కాలిక్యులేటరు ముట్టుకోకుండానే పన్నెండో వంతు చెప్పేయడం నాకు అలవాటైపోయింది.

ప్రశ్న సరైనదే. సంసారం నడిచేది నెలల మీద. పాలు, పేపరు, గ్యాసు, కరెంటు, పనిమనిషి, బీపీ మాత్రలు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు... వీటిలో ఏ ఒక్కటీ నీ దగ్గర మొత్తం ఎంతుందని అడగదు, ఈ నెల ఎంతిస్తావనే అడుగుతుంది. జీవితమంతా ఒకటో తారీఖు చుట్టూ తిరిగిన మనిషికి అరవయ్యో ఏట పెద్ద మొత్తం ఒక్కసారిగా చేతికొస్తే సంతోషం కన్నా కంగారే ఎక్కువ. దాన్ని నెలలుగా పంచాలి. ఎన్ని నెలలుగా? ఆ ఒక్క అంకె తెలిస్తే మూడో తరగతి పిల్లాడు చేసే భాగహారం. అది తెలియదు కనకే ఇంత తంటా.

మా నాన్నగారికి ఈ తంటా లేదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఊరందరి పిల్లల చేతా భాగహారాలు చేయించిన ఆయనకి, తన భాగహారం మాత్రం ప్రభుత్వం చేసిపెట్టింది. ఉన్నన్నాళ్లూ ఆయనకి, ఆయన తర్వాత మా అమ్మకి. కరువు భత్యం, కాస్త ఆలస్యంగానైనా, ధరల వెనకాలే నడిచొచ్చేది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకైతే ఎనభై నిండగానే ఇరవై శాతం అదనం, నూరు నిండితే మూల పెన్షను రెట్టింపు. ముసలితనం పెరిగేకొద్దీ జీతం పెరిగే కొలువు లోకంలో ఇంకొకటి ఉందనుకోను. అప్పులవాళ్లు కోర్టుకెక్కినా ఆ పెన్షను జప్తు చేయలేరు, 1871 నాటి పెన్షన్ల చట్టం అడ్డుపడుతుంది. ఇంత సుఖానికి ఒకటే షరతు: ఏటా ఒకసారి బతికే ఉన్నానని రుజువు చూపించాలి. 2014 నుంచి అది వేలిముద్రతో ఇంట్లో కూర్చునే ఇవ్వచ్చు. వేళ్ల మీద గీతలు అరిగిపోయినవాళ్లు మాత్రం, బతికున్నామని మిషనుకి నచ్చజెప్పలేక, మళ్లీ మా దగ్గరికే వచ్చేవారు. వాళ్లని చూసి మేము నమ్మేవాళ్లం.

ఆ రోజులు పోయాయి. కేంద్రంలో 2004 జనవరి 1 నుంచి, మన రాష్ట్రంలో అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకి ఈ ఏర్పాటు లేదు. వాళ్లది కూడబెట్టుకుని కొనుక్కునే పెన్షను. ఆ తర్వాత పాత పెన్షను కోసం ఇరవై ఏళ్ల గొడవ అందరికీ తెలిసిందే. 2023లో ఆంధ్రప్రదేశ్ గ్యారంటీ పెన్షను చట్టం చేసింది. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి, పాతికేళ్లు పనిచేసినవాళ్లకి చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం ఇస్తామని ఏకీకృత పెన్షను తెచ్చింది. తిరిగి తిరిగి మళ్లీ భరోసా గుమ్మంలోకే వచ్చారు.

ప్రైవేటులో చేసినవాళ్ల గుమ్మంలోకి మాత్రం ఎవరూ రాలేదు. మా తోడల్లుడు ఫ్యాక్టరీ ఉద్యోగి. 1995 నవంబరులో మొదలైన ఉద్యోగుల పెన్షను పథకంలో ఉన్నాడు. అందులో లెక్కకి తీసుకునే జీతం గరిష్ఠంగా పదిహేను వేలు, దాన్ని సర్వీసుతో గుణించి డెబ్బైతో భాగిస్తారు. ఆ పరిమితి మీదే కట్టినవాళ్లు ముప్ఫై అయిదేళ్లు చేసినా ఎనిమిది వేలు దాటరు. అతనికి వచ్చేది అంతకన్నా బాగా తక్కువ. మిగిలినదంతా పీఎఫ్, గ్రాట్యుటీ. అంటే ఆ పెద్ద మొత్తం, ఆ కంగారు.

"అన్నగారూ, మీకు నెలనెలా పెన్షను పడుతుంది, ఎన్నైనా చెబుతారు" అంటాడు. నిజమే. అయినా చెబుతాను.

మా గోదావరి జిల్లాల్లో డబ్బు గురించి తండ్రి కొడుక్కి చెప్పే మాట ఒక్కటే: వడ్డీ తిను, అసలు కదపకు. అసలు తినేవాడికి మా వాళ్ల దృష్టిలో తాగుబోతుకున్నంత గౌరవం కూడా ఉండదు. తాగుబోతుకి కనీసం జాలి దొరుకుతుంది.

ఈ సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. పొలం నుంచి వచ్చింది. చేసుకోలేనివాళ్లు పొలం కౌలుకిస్తారు. ఎకరానికి ఇన్ని బస్తాలని మాట. ఆ బస్తాలు తిన్నా, అమ్ముకున్నా, పొలం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పొలం అమ్ముకు తినేవాడు చెడినవాడే. అంతవరకూ తిరుగులేదు. తర్వాత పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని పట్నాలు చేరారు, పొలాలు ఎఫ్‌డీలయ్యాయి. సూత్రం కూడా వాళ్లతో పాటే బస్సెక్కి వచ్చేసింది. ఎక్కేటప్పుడు ఎవరూ ఒక్క సంగతి చూసుకోలేదు. కౌలు బస్తాల్లో, వడ్డీ రూపాయల్లో.

లెక్క వేసి చూపిస్తాను, బ్యాంకువాణ్ణి కనక క్షమించాలి. వృద్ధుల పొదుపు పథకం 2004లో వచ్చింది. అప్పుడు తొమ్మిది శాతం వడ్డీ, పదిహేను లక్షల పరిమితి. ఒకాయన నిండా పదిహేను లక్షలూ వేశాడనుకోండి. ఏడాదికి 1,35,000. ఆ సంవత్సరం మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 560, అంటే డెబ్బై అయిదు కిలోల బస్తా 420. ఆయన వడ్డీకి 321 బస్తాలొస్తాయి. రాజా లాంటి కౌలు. ఆయన పెద్దల మాట తప్పలేదు. గడువు తీరినప్పుడల్లా తిరిగి వేసుకుంటూ, వడ్డీ తింటూ, అసలు వైపు కన్నెత్తి చూడలేదు. 2024కి వడ్డీ 8.2 శాతం, ఏడాదికి 1,23,000. మద్దతు ధర 2,300, బస్తా 1,725. ఇప్పుడు ఆయన కౌలు 71 బస్తాలు. పోనీ, కదపని అసలు సంగతేమిటి? అప్పుడు 3,571 బస్తాలున్నది ఇప్పుడు 869 అయింది.

ఆయన అసలు ముట్టుకోలేదు. మరి ఆ రెండువేల ఏడువందల బస్తాలు ఎవరు తిన్నారు?

ఆయనే తిన్నాడు. ధర ఏడాదికి సుమారు ఏడు శాతం చొప్పున పెరిగింది. ఎనిమిదో తొమ్మిదో శాతం వడ్డీలో నిజమైన వడ్డీ ఒకటో రెండో. మిగతాది, వడ్డీ వేషంలో ఆయన చేతికే తిరిగొస్తున్న ఆయన అసలు. దాన్ని పాలకీ పేపరుకీ ఖర్చుపెట్టి, అసలు భద్రంగా ఉందని పాసుబుక్కు చూసుకుని నిద్రపోయాడు. పాసుబుక్కులో అంకె ఒక్క రూపాయి తగ్గలేదు మరి. దానికి తోడు ఆ వేషానికి కూడా వడ్డీ కిందే ఆదాయపు పన్ను లెక్క.

అందుచేత, ఎవరైనా నన్ను అడిగితే, ఎవరూ అడగరనుకోండి, అడిగితే మాత్రం సూత్రాన్ని తలకిందులు చేయమంటాను. అరవైల్లో వడ్డీ మొత్తం తినకూడదు. డెబ్బై అయిదు దాటాక అసలు తినడానికి జంకకూడదు. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. రిటైరైన కొత్తలో కాశీ, రామేశ్వరం, హాల్లో కొత్త సోఫా, మనవడి పంచెల ఫంక్షను, వచ్చిన వడ్డీ వచ్చినట్టే. ఎనభై దగ్గరపడేసరికి ఏసీ రిమోట్ దాచేస్తారు, ఆటో మానేసి నడుస్తారు, కాటరాక్ట్ ఆపరేషను వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు. అసలు మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పటి అంకెల్లో చూద్దాం. వృద్ధుల పొదుపు పథకం పరిమితి 2023లో ముప్ఫై లక్షలు చేశారు. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 పడుతుంది, నెలకి 20,500. కళ్లకి ఇంపుగా ఉంటుంది. ఇంకో పద్ధతిలో లెక్కేయండి. వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకి సరిగ్గా సరిపోతుందనుకుంటే, అంటే నిజమైన వడ్డీ సున్నా అనుకుంటే, ముప్ఫై లక్షల్ని ముప్ఫై ఏళ్లకి పంచితే నెలకి 8,333 వస్తుంది, ఏటా ధరలతో పాటు పెరుగుతూ. నిజమైన వడ్డీ రెండు శాతం మిగిలితే పదకొండు వేలు. ఇరవై వేల ఐదువందల్లో నిశ్చింతగా తినదగ్గది ఇంచుమించు సగం. తక్కింది పెరిగేచోట పెట్టుకోవాలి. ఈ మాట కౌంటరు దగ్గర చెబితే డిపాజిట్లు పక్క బ్యాంకుకి పోతాయి. అందుకే మేము ఎప్పుడూ వడ్డీ మొత్తమే చెప్పేవాళ్లం, అది అబద్ధమూ కాదు.

పోస్టాఫీసు నెలసరి పథకం ఇంకో మంచి ఏర్పాటు, ఒంటరిగా తొమ్మిది లక్షలు, జంటగా పదిహేను. 7.4 శాతానికి పదిహేను లక్షల మీద నెలకి 9,250. నెలనెలా పడటమే దాని అందం. పైన చెప్పిన బస్తాల జబ్బు దానికీ ఉంది.

మరి ఎన్నాళ్లు బతుకుతామో తెలియదనే చిక్కుకి మందు లేదా? ఉంది, దాని లెక్క మూడు వందల ఏళ్ల కిందటే తేల్చారు. 1693లో ఎడ్మండ్ హేలీ, తోకచుక్కకి పేరిచ్చిన ఆ హేలీయే, బ్రెస్లౌ నగరపు జనన మరణాల లెక్కలు ముందేసుకుని, ఏ వయసువాడికి జీవితాంతపు భత్యం ఎంతకి అమ్మితే గిట్టుతుందో పట్టిక కట్టాడు. ఒక్క మనిషి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు, వెయ్యి మందిలో ఏటా సుమారు ఎందరు పోతారో చెప్పచ్చు. ముందు పోయినవాళ్ల డబ్బు మిగిలినవాళ్లకి నడుస్తుంది. మనకి ఎల్ఐసీ అమ్మే యాన్యుటీలు ఈ వరసే. కొత్త పెన్షను పద్ధతిలో ప్రభుత్వోద్యోగి తన నిధిలో కనీసం నలభై శాతంతో దీన్ని కొనాలని నిబంధన.

ఇందులో రెండు రకాలు. ఒకదాంట్లో మనం పోయాక కట్టిన డబ్బు వారసులకి తిరిగొస్తుంది, కనక నెలకి తక్కువ. రెండోదాంట్లో తిరిగి రాదు, కనక ఎక్కువ. మనవాళ్లు దాదాపు కళ్లు మూసుకుని మొదటిదే తీసుకుంటారు. "రేపే పోతే ఆ డబ్బంతా కంపెనీ వాడికేనా?" అంటాడు మా తోడల్లుడు. పోతే నీకేం నష్టమయ్యా, తొంభై అయిదేళ్లు బతికితే కదా నీకు కష్టం! చావుకి బీమా చేయించుకోవడం మనకి బాగా తెలుసు. బతుక్కి బీమా అనేసరికి మాత్రం మోసమేదో ఉందనిపిస్తుంది. దానికీ ధరలతో పెరిగే గుణం లేదు, అది దాని లోపం. అందుకని అరవైలో కాకుండా డెబ్బై దాటాక కొంత కొనడం మేలని నా అభిప్రాయం. వయసు ముదిరినకొద్దీ అదే డబ్బుకి ఎక్కువిస్తారు.

మ్యూచువల్ ఫండు వాళ్ల నెలవారీ ఉపసంహరణ గురించి నాలుగు మాటలు చాలు. పెరిగేచోట కొంత ఉండాలన్నాను కనక నేను దానికి విరోధిని కాను. అమెరికాలో విలియం బెంగెన్ 1994లో, తొలి ఏడాది మొత్తంలో నాలుగు శాతం తీసుకుని తర్వాత ధరల ప్రకారం పెంచుకుంటూ పోతే ముప్ఫై ఏళ్లు నిలుస్తుందని వాళ్ల మార్కెట్ల చరిత్ర చూసి తేల్చాడు. నాలుగు! మనకి వాట్సాప్‌లో వచ్చే పట్టికలు పన్నెండుతో మొదలవుతాయి. 2008 జనవరిలో ఇరవై ఒక్క వేలు దాటిన సెన్సెక్స్ అక్టోబరుకి తొమ్మిది వేల దిగువకి జారింది. ఆ తర్వాత లేచింది, నిజమే. జారుతున్నన్నాళ్లూ నెలనెలా యూనిట్లు అమ్ముకు తిన్నవాడి దగ్గర లేవడానికి మిగిలిన యూనిట్లెన్ని?

లెక్కలు ఇంతటితో ఆపుతాను. ఎందుకంటే పెద్ద మొత్తాలు కరిగిపోవడం నేను చూసింది లెక్క తప్పడం వల్ల కాదు. పెద్ద మొత్తం ఊరందరికీ కనిపిస్తుంది. అల్లుడి వెంచరు, కొడుకు ఫ్లాట్ డౌన్‌పేమెంటు, బావమరిది చిట్టీ, రూపాయిన్నర వడ్డీ ఇస్తానన్న పెద్దమనిషి, వీళ్లందరికీ రిటైర్మెంటు తేదీ మనకన్నా ముందే తెలుసు. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు కూలినప్పుడు, వడ్డీ ఎక్కువొస్తుందని వేసుకున్నవాళ్లు రోడ్డెక్కారు. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష. 2020లో గాని అయిదు లక్షలు కాలేదు.

నెలనెలా వచ్చేదాన్ని ఎవరూ అప్పడగరు. మా అమ్మకి వచ్చిన ఫ్యామిలీ పెన్షను నాన్నగారి పెన్షను కన్నా బాగా తక్కువే. కానీ ఆ ఇంట్లో ఆవిడ మాటకి ఉన్న బరువు దానివల్లే ఉంది. మనవరాలి పుట్టినరోజుకి నోటు తీసి ఇచ్చేటప్పుడు ఎవరి మొహమూ చూసేది కాదు. మా పెదనాన్నగారి భార్యకి అంతకు ఎన్నో రెట్లు ఆస్తి ఉండేది, అదంతా కొడుకుల పేర. గుడికి వెళ్లడానికి రిక్షా డబ్బులు కోడల్ని అడిగేది.

ఇక ఇల్లు. మధ్యతరగతి మనిషి కూడబెట్టినదాంట్లో సింహభాగం గోడల్లోనే ఉంటుంది, గోడలు నెలనెలా ఏమీ ఇవ్వవు. 2007-08 బడ్జెట్‌లో రివర్స్ మార్ట్‌గేజ్ ప్రకటించారు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకే మనకి నెలనెలా ఇస్తుంది, భార్యాభర్తలిద్దరూ ఉన్నన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉండచ్చు, తర్వాత పిల్లలు అప్పు తీర్చి ఇల్లు తీసుకోవచ్చు. ఎంత చక్కటి ఆలోచన! మా బ్రాంచిలో ఆ ఫారం కోసం ఒక్కరూ రాలేదు. ఇల్లు తాకట్టు అనేసరికి పరువు అడ్డొస్తుంది. ఇల్లు ముందే కొడుకు పేర రాసిచ్చి, తర్వాత ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కడానికి అడ్డురాని పరువు! చూసుకుంటాడన్న షరతు మీద రాసిచ్చి ఉంటే, 2007 తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షను కింద ఆ దస్తావేజు రద్దు చేయించుకోవచ్చు. కన్నకొడుకు దగ్గర షరతు రాయించుకునే తండ్రి ఎవరు?

ఇంత ఉపన్యాసం అయ్యాక మా ఇంటి సంగతి చెప్పకపోతే బాగుండదు. డెబ్బై దాటాక ఒకరోజు మా ఆవిడ ముందు ఎఫ్‌డీ రసీదులన్నీ పరిచి, ఏది ఎప్పుడు గడువు తీరుతుందో, నేను లేకపోతే ఎవరి సంతకం చాలో చెప్పి, ఇకనుంచి ఏటా ఒకటి విరిచి వాడుకుందామన్నాను.

"విరవడమేమిటండీ? అది అసలు కదా!"

"అసలే. తిందాం."

"పిల్లలకో?"

"ఇల్లుంది. వాళ్లకీ ఉద్యోగాలున్నాయి."

ఆవిడ చాలాసేపు రసీదులు సర్దింది. తేదీల వరస తప్ప ఆ సర్దుడులో నాకే పద్ధతీ కనబడలేదు. చివరికి, విరిస్తే వంటమనిషిని పెట్టాలని షరతు పెట్టింది. పెళ్లైనప్పటినుంచీ తనకి సెలవన్నది లేదని, బ్యాంకువాళ్లకి రెండో శనివారమైనా ఉంటుందని గుర్తుచేసింది. కాదనడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు.

వంటమనిషి వచ్చింది. మొదటి రోజు బెండకాయ పులుసు చేసింది. మా ఆవిడ ఒక ముద్ద తిని, గరిటెతో గిన్నెలో అటూ ఇటూ తిప్పి, నా వంక చూసి, "ఏవండీ, మన అసలు పెట్టి కొనుక్కున్న పులుసు ఇదా?" అంది. మర్నాటినుంచీ వంటమనిషి కూరలు తరుగుతోంది, పొయ్యి దగ్గర ఈవిడే నిలబడుతోంది. జీతం మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా ఇస్తున్నాం.